కదలండి అనేదాకా

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళం ఆరుగురం. అద్దాలు కోసే పనిగదిలో నాన్న. వంటగది గుమ్మంలో టీ గ్లాసుల పళ్ళెంతో అమ్మ. కిటికీ పక్క మంచం మీద నాయనమ్మ. మంచం పక్కనే, ఒకపూట సెలవు పెట్టి వచ్చిన మావయ్య. ముందుగది మధ్యలో కుర్చీ మీద, నాన్న చేత తాగుడు మాన్పించిన సెంటర్ నుంచి వచ్చిన మేడమ్. పనిగది తలుపు పక్కన గోడకి ఆనుకుని నేను.

మేడమ్ తప్ప మాలో ఎవరమూ కదలడం లేదు. లోపల అద్దం పగిలింది.

మా ఇంట్లో అద్దం పగిలితే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి. అయ్యో అనకూడదు. ఏమైందని అడగకూడదు. ఎవరి చేతిలో పగిలిందో వాళ్ళు "కదలండి" అనేదాకా కాలు తీసి కాలు పెట్టకూడదు. ఇది తాతయ్య పెట్టిన నియమం. ముక్కలు ఎంత దూరం ఎగిరాయో పగలగొట్టినవాడికే తెలుస్తుంది. పక్కవాళ్ళు కేక వేస్తే ఉలిక్కిపడి వాడి చేయి ఇంకో ముక్క మీద పడుతుంది. నేను నడక నేర్చుకోకముందే ఆగడం నేర్చుకున్నానని నాయనమ్మ అందరికీ గొప్పగా చెబుతుంది.

ఈ సంగతి మేడమ్‌కి తెలియదు కదా. ఒళ్ళో ఉన్న నీలం అట్ట నోటుపుస్తకం పట్టుకుని గబుక్కున లేచింది.

"ఏమైంది? దెబ్బ తగిలిందా ఆయనకి?"

"కూర్చో తల్లీ, కూర్చో," అంది నాయనమ్మ, పెదవులు సరిగ్గా కదపకుండానే.

"ఎవరైనా వెళ్ళి చూడచ్చు కదా!"

"చూస్తాం. వాడు కదలమనాలి."

మేడమ్ అయోమయంగా మావయ్య వైపు తిరిగింది. మావయ్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, వాళ్ళు తడబడినప్పుడల్లా తన వైపున్న బ్రేకు తొక్కడం ఆయన ఉద్యోగం. ఇరవై ఏళ్ళ అలవాటు వల్ల ఇంట్లో ఎవరి గొంతు పెరిగినా ఆయన కుడికాలు దానంతట అదే నేలని నొక్కుతుంది. ఇప్పుడూ నొక్కే ఉంది.

"ఎర్రలైటు పడిందనుకోండి మేడమ్," అన్నాడు మావయ్య. "హారన్ కొట్టినా లాభం లేదు."

నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. మామూలుగా ఇరవై, ముప్ఫై లోపు ఆ మాట వచ్చేస్తుంది. డెబ్భై దాటింది. నూరు దాటింది. అమ్మ చేతిలో పళ్ళెం మీద గ్లాసులు సన్నగా చప్పుడు చేస్తున్నాయి. ఆ చప్పుడు ఆపడానికి అమ్మ పళ్ళేన్ని పొట్టకి అదుముకుంది.

నూట నలభై దగ్గర నాన్న గొంతు వినిపించింది. "కదలండి."

తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. చేతులకి రక్తం లేదు. ముందు అందరం ఆ చేతులే చూశాం. ఆ తరవాతే ముఖం.

"బట్టల దుకాణం వాళ్ళ నిలువుటద్దం. పోయింది," అన్నాడు. "రెండో గీత పడింది."

మేడమ్‌కి అర్థం కాలేదు కానీ మా నలుగురికీ అర్థమైంది. అద్దం కోయడానికి దాని మీద గీత ఒక్కసారే గీయాలి. కిరసనాయిల్లో ముంచిన కట్టర్‌ని ఒకే ఒత్తిడితో ఈ చివరి నుంచి ఆ చివరికి లాగాలి. సరిగ్గా పడలేదని అదే గీత మీద రెండోసారి లాగితే అద్దం ఎటు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు అది. తాగినవాళ్ళు కూడా చేస్తారు.

టీ ఇచ్చే వంకతో అమ్మ ఆయనకి బాగా దగ్గరగా వెళ్ళింది. ముక్కుపుటాలు ఒక్కసారి విచ్చుకుని ముడుచుకున్నాయి. ఆయన దగ్గర ఎప్పుడూ కిరసనాయిలు వాసనే వస్తుంది. దాని వెనక ఇంకేదైనా ఉందో లేదో తెలుసుకోవడం అమ్మ వల్ల కూడా కాదు.

"చక్కెర సరిపోయిందా?" అని అడిగింది అమ్మ, నవ్వుతూ.

"సరిపోయింది."

"ఇంకో చెంచా వెయ్యనా?"

"వద్దు."

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీరందరూ ఇప్పుడు ఏమనుకుంటున్నారో అది అడగండి," అంది. "చక్కెర గురించి కాదు."

ఎవరూ అడగలేదు.

"మాకేం అనుమానాలు లేవమ్మా," అంది నాయనమ్మ. "మా వాడు బంగారం."

అడగవలసింది నేనేమో. నిన్న మధ్యాహ్నం పనిగది ఊడుస్తుంటే కిరసనాయిలు సీసా పక్కన ఇంకో సీసా కనిపించింది. అదే ఎత్తు, అదే రంగు. మొదటి దానికి గుడ్డ ముక్క బిరడాగా కుక్కి ఉంది. రెండోదానికి మూత ఉంది. మూత తీసి వాసన చూడడానికి అర నిమిషం పట్టేది. నేను చూడలేదు. చుట్టూ ఊడ్చి, దాన్ని ముట్టుకోకుండా వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో కూడా రాయలేదు.

మేడమ్ ఈ రోజు వచ్చింది ఒక సంగతి తేల్చడానికి. నాన్న సెంటర్ నుంచి ఇంటికి వచ్చి నేటికి అరవై రోజులు. ఇక ఇక్కడే ఉండి పని చేసుకోవచ్చా, లేక మళ్ళీ మూడు నెలలు సెంటర్లో ఉండాలా అన్నది ఆవిడ చెప్పాలి. చెప్పడానికి ఆవిడ దగ్గర ఉన్న ఆధారం ఆ నీలం అట్ట నోటుపుస్తకం. రోజూ సాయంత్రం ఆ రోజు మనసుకి ఏమనిపించిందో నాన్న అందులో రాయాలి. నాన్న కుడిచేతి రెండు వేళ్ళు పాత దెబ్బ వల్ల వంగవు. కట్టర్ పట్టుకోగలడు కానీ పెన్నుతో నాలుగు ముక్కలు రాయాలంటే కష్టం. అందుకని ఆయన చెబుతుంటే నేను రాయడానికి మేడమ్ ఒప్పుకుంది.

అంటే ఆవిడ అలా అనుకుంటోంది.

మొదటి రోజు సాయంత్రం నాన్న నా ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపు కట్టర్ తుడిచాడు. తరవాత, "నాకేమీ అనిపించలేదు పిల్లీ. ఏదో ఒకటి రాసెయ్," అన్నాడు. చప్పుడు లేకుండా నడుస్తానని ఆయన నాకు పెట్టిన పేరు అది. రెండో రోజు, "నిన్నటిలాగే," అన్నాడు. మూడో రోజు నుంచి కూర్చోవడం కూడా మానేశాడు.

నాకేమీ అనిపించలేదు అని అరవైసార్లు రాస్తే మేడమ్ ఊరుకుంటుందా? మళ్ళీ తీసుకుపోతారు. అందుకే రాశాను. నాన్నకి ఏమనిపిస్తుందో నాకెలా తెలుస్తుంది? తెలిసినవే రాశాను. రెండు నెలలుగా నా డైరీ ఖాళీగా ఉంది.

"ఇది వినండి," అంది మేడమ్ నోటుపుస్తకం తెరిచి. "నిజానికి దీని కోసమే మీ అందరినీ ఉండమన్నాను. పద్దెనిమిదో రోజు. 'ఈ ఇంట్లో చప్పుడు లేకుండా నడవడం నేర్చుకున్నాను. ఏ బండ కదులుతుందో, ఏ తలుపు కిర్రుమంటుందో నాకు తెలుసు. నేను వచ్చినట్టు ఎవరికీ తెలియకపోతే నా వల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదు.'" ఆవిడ తలెత్తి నాన్నని చూసింది. "ఇంత బాగా చెప్పుకోగలిగిన మనిషి నాకు ఇంతవరకూ తారసపడలేదు."

"మా బావ చెప్పాడా ఇది?" అన్నాడు మావయ్య. "ఆయన నోట్లోంచి మాట రావాలంటే పళ్ళ డాక్టరుని పిలవాలండీ."

"నువ్వూరుకోరా," అంది అమ్మ.

నాన్న టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఆ నోటుపుస్తకంలో ఏముందో ఆయన వినడం అదే మొదటిసారి. ఆయన చూపు ఒక్కసారి నా మీదకి వచ్చి, వెంటనే గ్లాసులోకి పోయింది.

ఆపమని చెబుదామనుకున్నాను. గొంతు రాలేదు. బళ్ళో కూడా నాకింతే. జవాబు తెలిసిన రోజున కూడా చేయి పైకి లేవదు.

"ముప్ఫై ఒకటో రోజు," అంది మేడమ్. "ఇది కొంచెం కష్టంగా ఉంటుంది. కానీ వినాలి. 'నా భార్య నవ్వుతూ భోజనం పెడుతుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఆకలి చచ్చిపోతుంది. ఆ నవ్వు వెనక ఏముందో అడగాలని ఉంటుంది. అడిగితే ఇల్లు కూలిపోతుందేమోనని ముద్ద మింగుతాను.'"

నా భార్య అనే రెండు మాటలు రాయడానికి ఆ రోజు నాకు చాలాసేపు పట్టింది.

అమ్మ పళ్ళెం బల్ల మీద పెట్టింది. చాలా నెమ్మదిగా పెట్టింది. "ఆకలి చచ్చిపోతుందా?" అంది. ఇంకా నవ్వుతూనే ఉంది, కానీ ఆ నవ్వుని ఏం చేయాలో తెలియనట్టు ఉంది ముఖం. "నా నవ్వు చూస్తే ఆకలి చచ్చిపోతుందా మీకు?"

నాన్న గ్లాసుని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"అయితే ఏడుస్తూ వడ్డించమంటారా? చెప్పండి, అదీ చేస్తాను. సెంటర్‌వాళ్ళేగా చెప్పారు, ఇంట్లో గొడవలు ఉండకూడదు, ఆయన్ని కదిలించకూడదు అని. బుగ్గలు నొప్పెడుతున్నాయండీ నాకు. అరవై రోజులుగా పళ్ళు తోముకునేటప్పుడు కూడా నవ్వుతున్నాను."

"అమ్మా, మేము నవ్వమని చెప్పలేదు," అంది మేడమ్.

"మరేం చెప్పారు?"

"ప్రశాంతంగా ఉండమన్నాం."

"నవ్వకుండా, ఏడవకుండా, అడక్కుండా ప్రశాంతంగా ఎలా ఉంటారో అదీ మీరే నేర్పండి మరి!"

మావయ్య కాలు నేలని గట్టిగా నొక్కింది. "అక్కా, స్లో, స్లో," అన్నాడు.

"నువ్వు కాలు తియ్యి ముందు! పుట్టింటి నుంచి ఎవరైనా వస్తే నాలుగు మాటలు చెప్పుకుందామనుకుంటే, వచ్చినప్పటి నుంచీ బ్రేకులే వీడు!"

"అమ్మాయ్, బయటివాళ్ళ ముందు ఏమిటిది," అంది నాయనమ్మ.

"బయటివాళ్ళు కాదు అత్తయ్యా, వాళ్ళ దగ్గరే ఈయన మనసు విప్పుకున్నారు. మనమే బయటివాళ్ళం." అమ్మ నాన్న వైపు తిరిగింది. "నాతో ఒక్క ముక్క అనలేకపోయారా? పిల్ల చేత రాయించారా? నా గురించి, నా పిల్ల చేత?"

ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. "నేను చెప్పలేదు, అదే రాసింది," అంటాడు. నిజం అదే కదా. నేను గోడకి ఇంకా గట్టిగా ఆనుకున్నాను.

"అవును," అన్నాడు నాన్న. "నేనే రాయించాను."

నాకేమీ అర్థం కాలేదు. నన్ను కాపాడడానికి అన్నాడా? లేక ఆ మాటలు వినగానే అవి తనవే అనిపించాయా? నేను నా గురించి రాసింది ఆయనది ఎలా అవుతుంది? ఆయన ముఖంలోకి చూస్తే తెలుస్తుందేమోనని చూశాను. పని చేసేటప్పుడు ఉండే ముఖమే ఉంది. ఆ ముఖం ఉన్నప్పుడు పలకరించకూడదు. అది కూడా మా ఇంటి నియమమే. అద్దం మీద చేయి ఉన్నప్పుడు మాట్లాడకూడదు. అమ్మ కళ్ళు నిండినప్పుడల్లా నాన్నకి సరిగ్గా అప్పుడే ఏదో ఒక అద్దం గుర్తొచ్చేది.

"వాణ్ణి అనకే," అంది నాయనమ్మ. గొంతు తగ్గింది. "తప్పంటే నాది. పుట్టినప్పుడే వీడు ఏడవలేదు, వీపు మీద చరిస్తే కానీ. తరవాత నేనే ఏడవనివ్వలేదు. అద్దాల మధ్య పెరిగే పిల్లాడు. కళ్ళల్లో నీళ్ళుంటే చేతి కింద ఏముందో కనిపించదు. ఏడిస్తే కోసుకుంటావురా అనేదాన్ని. కోసుకున్నప్పుడూ ఏడవలేదు, వెర్రి వెధవ."

"దాని గురించే యాభై రెండో రోజు చెప్పారు," అంది మేడమ్ పేజీలు తిప్పుతూ. "చేయి తెగిన రోజు గురించి. ఇది నేను సెంటర్లో గ్రూపు అందరికీ చదివి వినిపించాను. ఇద్దరు మగవాళ్ళు ఏడ్చారు."

ఆ పేజీ రాసిన రోజు నాకు జ్వరం. ఏం రాశానో మరుసటి రోజు చూసుకోలేదు.

"'చేయి తెగిన రోజు ఇంట్లో ఎవరూ అరవలేదు. పెరటి మెట్లు మూడూ ఎర్రగా ఉన్నాయి. బట్టల సబ్బు తెచ్చి నేనే కడిగాను. సబ్బు వేస్తే ఎరుపు పోయి గులాబీ రంగు నురగ వచ్చింది. అది చూడకుండా ఉండడానికి పదమూడో ఎక్కం చెప్పుకున్నాను. మెట్లు ఆరాక, అంతా మామూలుగా అయిపోయింది అనుకున్నాను. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.'"

మేడమ్ పుస్తకం మూసి, ఎవరైనా ఏదైనా అంటారేమోనని ఆగింది.

"మెట్లు వాడెలా కడుగుతాడు?" అంది నాయనమ్మ.

"ఏమిటమ్మా?"

"వాడు ఆసుపత్రిలో ఉన్నాడు కదా. తెగిన చేతికి తువ్వాలు చుట్టి ఎదురింటాయన బండిలో ఎక్కించాం. కోడలు వెంట వెళ్ళింది. మూడో రోజు కదా వాళ్ళిద్దరూ తిరిగొచ్చింది. నేను వంటగదిలో గోడకి ఆనుకుని కూలబడ్డాను, లేవలేకపోయాను. లేచి చూసేసరికి మెట్లు కడిగి ఉన్నాయి." నాయనమ్మ అమ్మ వైపు చూసింది. "వెళ్ళేముందు నువ్వు కడిగావనుకున్నా."

"నాకు టైమెక్కడ అత్తయ్యా? మీరు కడిగారనుకున్నాను నేను."

"నేను కాదు."

ఇద్దరూ అలా చూసుకుంటూ ఉండిపోయారు. ఐదేళ్ళుగా ఒకరినొకరు అడగని సంగతి అది. అమ్మ పెదవులు ఏదో లెక్క కడుతున్నట్టు కదిలాయి. ఆ రోజు ఇంట్లో ఇంకెవరున్నారో లెక్క కట్టడానికి ఎంతోసేపు పట్టదు.

ముందు నాయనమ్మ తిరిగింది నా వైపు. తరవాత అమ్మ. మావయ్య కాలు తొక్కడం మర్చిపోయాడు.

"పాపా," అంది మేడమ్. "మెట్లు నువ్వు కడిగావా?"

నేను తలూపాను.

"ఇది నాన్న చెబితే రాశావా?"

తల అడ్డంగా ఊపాను.

"మిగతావి?"

ఎటూ ఊపలేకపోయాను. ఏవి నావో ఏవి ఆయనవో నాకే తెలియడం లేదు. అన్నీ నావే అందామంటే, ఇందాక నాన్న అవును అన్నాడు కదా.

"అప్పుడు నీకెన్నేళ్ళే?" అంది అమ్మ. తెలియక అడిగింది కాదు.

"పది," అన్నాను. అది ఆ రోజంతటిలో నేను మాట్లాడిన మొదటి మాట.

అమ్మ నా దగ్గరకి రాబోయి ఆగిపోయింది. దగ్గరకి వచ్చి ఏం చేయాలో మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అటు చూడకూడదని నేను కింద బండల గీతలు చూస్తూ నిలబడ్డాను.

మేడమ్ నోటుపుస్తకం అట్టని చేత్తో రెండుసార్లు నిమిరింది, దుమ్ము తుడుస్తున్నట్టు. ఆవిడ ముఖం కూడా చిన్నబోయింది. "నేను దీన్ని అందరికీ చదివాను," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. "ఇలా చెప్పగలిగితే సగం గెలిచినట్టేనని చెప్పాను."

"గెలిచింది మా పిల్ల అయితే, దానికే సర్టిఫికెట్ ఇచ్చెయ్యండి మేడమ్," అన్నాడు మావయ్య. ఎవరూ నవ్వలేదు.

"మరి మీరు?" అంది మేడమ్ నాన్నతో. "ఇందులో మీది ఒక్క మాటా లేదా? అరవై రోజుల్లో?"

నాన్న టీ గ్లాసు కిటికీలో పెట్టాడు. ఒక్క గుటక కూడా తాగలేదు. వచ్చి మేడమ్ ముందు చేయి చాపాడు. ఆవిడ కాసేపు తటపటాయించి నోటుపుస్తకం ఇచ్చింది. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని పనిగదిలోకి వెళ్ళిపోయాడు. తలుపు పూర్తిగా మూయలేదు. జానెడు సందు మిగిలింది.

"నేనేం రాసివ్వాలి సెంటర్‌కి?" అంది మేడమ్. ఎవరిని అడిగిందో తెలియదు.

అమ్మ ఆ సందు వైపే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. ఆయన ఒక్కడూ గదిలో ఉంటే అమ్మ చెవులతో చూస్తుంది.

"నువ్వెళ్ళవే," అంది నాతో గుసగుసగా. "ఏం చేస్తున్నారో చూడు. నీ మీదైతే కేకలెయ్యరు."

"దాన్నే పంపిస్తావేం?" అన్నాడు మావయ్య. "ఇప్పుడు కూడానా? నువ్వెళ్ళు అక్కా."

అమ్మకి ఆ మాట అర్థమైంది. ముఖం చూస్తే తెలిసింది. ఒక అడుగు వేసింది కూడా. కానీ కాలు ముందుకి సాగలేదు. నేను అప్పటికే సందు దగ్గర ఉన్నాను. చిన్నప్పటి నుంచీ ఎప్పుడూ నేనే వెళ్ళేదాన్ని. కాళ్ళకి అది అలవాటు.

నేల నిండా అద్దం ముక్కలు. ఒక్కొక్కదాంట్లో పైకప్పు ఒక్కో ముక్కగా కనిపిస్తోంది. ముక్కల మధ్య నాన్న పనిబల్లకి ఆనుకుని నిలబడి నోటుపుస్తకం చదువుకుంటున్నాడు. పెదవులు కదులుతున్నాయి. నేను చప్పుడు చేయలేదు.

"అక్కడే ఆగు పిల్లీ," అన్నాడు తల ఎత్తకుండానే. "లోపలికి రాకు. ముక్కలున్నాయి."

ఆగాను.

"ఇందాక కూడా ఇక్కడే నిలబడ్డావు కదా, నేను గీస్తున్నప్పుడు?"

"ఊఁ."

"వెనక్కి చూడకుండానే తెలిసింది." పేజీ తిప్పాడు. "ఎన్నాళ్ళుగా నిలబడుతోందో అనుకున్నాను. అంతే. చేయి ఆగిపోయింది. మళ్ళీ గీశాను."

"నేను అనుకున్నాను..." అని ఆగిపోయాను.

"ఏమనుకున్నావు?"

గుమ్మం మీద లేచిన రంగు పెచ్చుని గోరుతో గీకాను.

"నాకేమీ అనిపించదని నీతో అన్నాను," అన్నాడు నాన్న. మాటలు ఒక్కొక్కటే ఏరుకుంటున్నట్టు మాట్లాడాడు. "అది అబద్ధం. అనిపిస్తుంది. అనిపించిన వెంటనే నోరు ఎండిపోతుంది. ఏడవాలనిపించినా, అరవాలనిపించినా, ఆఖరికి మీ మావయ్య మాటలకి నవ్వు వచ్చినా కూడా అదే దాహం. అందుకని దేన్నీ అనిపించనివ్వను. మీ అమ్మ నవ్వు గురించి నువ్వు రాసింది... అలా నేనెప్పుడూ అనుకోలేదు. కానీ వింటుంటే నాదే అనిపించింది. నీదో నాదో తెలియడం లేదు నాకు."

నాక్కూడా తెలియడం లేదు నాన్నా అని చెప్పాలనిపించింది.

"పెన్నుందా?" అన్నాడు.

నా డైరీ పెన్ను ఎప్పుడూ జడ పక్కన చెవి మీదే ఉంటుంది. తీసి చాపాను. ఆయన ముక్కల మీద చెప్పులకాళ్ళతో నెమ్మదిగా అడుగులు వేసుకుంటూ తలుపు దాకా వచ్చాడు. వంగని రెండు వేళ్ళ మధ్య పెన్ను ఇరికించుకున్నాడు. అది జారింది. మళ్ళీ ఇరికించాడు.

ఆయన భుజం మీదుగా నాకు సీసాలు పెట్టే గోడ అర కనిపించింది. గుడ్డ బిరడా ఉన్న సీసా నిన్న ఉన్నట్టే ఉంది. దాని పక్కన రెండోది. దాని మూత బల్ల మీద ఉంది.

మేడమ్ ఇందాక అడగమన్నది ఇదే. వెనక ముందుగదిలో నలుగురూ ఊపిరి బిగబట్టి ఉన్నారని తెలుస్తోంది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఎప్పుడూ అడగలేదు. మెట్లు ఎవరు కడిగారని కూడా అడగలేదు.

"నాన్నా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, పెద్దగా వినిపించింది. "ఆ రెండో సీసాలో ఏముంది?"

నాన్న వెనక్కి తిరిగి అర వైపు చూడలేదు. నా చేతులు చూడలేదు, నేల చూడలేదు. నా ముఖంలోకి చూశాడు. కళ్ళు నిండి ఉన్నాయి. ఆ కళ్ళతో ఆయనకి కింద ముక్కలు కనిపిస్తాయో లేదోనని భయం వేసింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచి, ఎండిన పెదవులు ఒకసారి తడుపుకున్నాడు.

తరవాత పెన్ను, పుస్తకం గుండెకి అదుముకుని, రెండో చేత్తో తలుపు మూసేశాడు. లోపల గడియ పడింది.

కదలండి అనలేదు.